బార్సిలోనా నుంచి ఒక్కరోజు ప్రయాణాలు: రైలు, వారం, భోజనం వేళ చూసుకుని ప్లాన్ వేసుకోవడం ఎలా

బార్సిలోనాలో నాలుగైదు రోజులుండేవాళ్లు ఒక రోజైనా ఊరు దాటి వెళ్లాలనుకుంటారు. మోంసెర్రాట్ కొండ, జిరోనా, ఫిగేరెస్, తర్రగోనా, సిట్జెస్ అన్నీ రైలు దూరంలోనే ఉన్నాయి. ఏ ఊరు ఎంచుకున్నా బాగానే ఉంటుంది. రోజు పాడయ్యేది వేరే చోట్ల: దిగాల్సిన స్టేషన్ కాకుండా అదే పేరున్న ఇంకో స్టేషన్‌లో దిగడం, సోమవారం వెళ్లి మూసిన తలుపు చూడటం, సాయంత్రం నాలుగున్నరకి ఆకలేసి వంటగదులన్నీ బంద్ అని తెలుసుకోవడం. అందుకే ఈ ప్లానును తిరుగు రైలు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

మొదట వారం, తర్వాత ఊరు

చాలామంది ముందు ఊరు అనుకుని తర్వాత ఖాళీగా ఉన్న రోజు చూస్తారు. దీన్ని తిరగేయండి. మీ చేతిలో ఉన్న రోజు ఏ వారమో చూసి, దానికి సరిపోయే ఊరు తీసుకోండి.

సోమవారం అయితే తర్రగోనా వద్దు. రోమన్ కట్టడాలు, మ్యూజియంలు ఆ రోజు మూసి ఉంటాయి. ఫిగేరెస్‌లోని చిత్రకారుడు డాలీ మ్యూజియం కూడా వేసవి రద్దీ నెలలు తప్పిస్తే సోమవారాలు మూసే ఉంటుంది. సోమవారానికి మోంసెర్రాట్ గానీ జిరోనా గానీ సరిపోతాయి.

ఆదివారం మ్యూజియంలు చాలావరకు మధ్యాహ్నం రెండు, మూడు గంటలకే మూసేస్తారు. జిరోనా కేథడ్రల్‌లో ఉదయమంతా ప్రార్థనలు, సందర్శకులను మధ్యాహ్నం నుంచే లోపలికి పంపుతారు. మోంసెర్రాట్‌కి ఆదివారం కాటలాన్ కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. మనకు తిరుమలలో సెలవు రోజు ఎలా ఉంటుందో తెలుసు కదా, అంత కాకపోయినా రద్దీ అదే తీరు.

శనివారం మోంసెర్రాట్ వెళితే అక్కడి బాలుర గాన బృందం ఎస్కొలానియా పాట వినలేరు. వాళ్లు సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం వరకు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో పాడతారు. జూలైలో, క్రిస్మస్ తర్వాత పిల్లలకు సెలవులు. పాట కోసమే వెళ్లేవాళ్లు కొండ మీది క్రైస్తవ మఠం వెబ్‌సైటులో ఆ వారం పట్టిక చూసి, టికెట్ ముందే తీసుకోవాలి.

ఇక పండుగలు. జనవరి 1, 6, డిసెంబర్ 25, 26 తేదీల్లో చాలా చోట్ల తలుపులు తెరవరు. సెప్టెంబర్ 11 బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతమంతటికీ సెలవు. సెప్టెంబర్ 24 మాత్రం బార్సిలోనా నగరానికే సెలవు, చుట్టుపక్కల ఊళ్లు మామూలుగానే పనిచేస్తాయి. నగరం మూసి ఉన్న ఆ రోజును బయటి ఊరికి వాడుకోవడం తెలివైన పని. దానికి ముందురోజు, సెప్టెంబర్ 23న, తర్రగోనాలో సాంతా తెక్లా ఉత్సవం ఉంటుంది. మనుషులు భుజాల మీద భుజాలెక్కి కట్టే గోపురాలు చూడాలంటే అప్పుడు వెళ్లండి. రోమన్ శిథిలాలు ప్రశాంతంగా చూడాలంటే అప్పుడు మానుకోండి.

దూరాన్ని గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేయండి

జిరోనాకి హైస్పీడ్ రైలు 38 నిమిషాల్లో వెళుతుందని చదివి, పదకొండుకి బయల్దేరినా చాలనుకుంటారు. అసలు లెక్క ఇది: హోటల్ నుంచి స్టేషన్‌కి అరగంట, నగరపు ప్రధాన స్టేషన్ సాంట్స్‌లో సామాను స్కానింగ్‌కీ ప్లాట్‌ఫాం వెతుక్కోవడానికీ 20–25 నిమిషాలు, రైలు 38 నిమిషాలు, దిగాక పాత ఊరికి నడక 15–20 నిమిషాలు. అంతా కలిపితే రెండు గంటలకు కాస్త తక్కువ. గుమ్మం నుంచి గుమ్మానికి ఒకవైపు రెండున్నర గంటలు దాటే ఊరిని ఒక్కరోజు జాబితాలోంచి కొట్టేయండి. ఈ లెక్కతో కదాకేస్ పోతుంది. చాలా అందమైన సముద్రతీర గ్రామం, కానీ అక్కడికి రైలు లేదు, బస్సు సుమారు రెండుముప్పావు గంటలు. ఒక రాత్రి ఉండగలిగితేనే అటు వెళ్లాలి.

పగటి వెలుతురు కూడా లెక్కలోకి రావాలి. జూన్ చివర్లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకి గుంకితే, డిసెంబర్‌లో సాయంత్రం అయిదున్నరలోపే చీకటి. చలికాలంలో కొండ మీద నడక పెట్టుకుంటే ఉదయం ఎనిమిదిన్నర రైలు తప్పకూడదు.

మూడు రకాల రైళ్లు, మూడు రకాల టికెట్లు

ఎక్కువ గందరగోళం ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒకటి ఎఫ్‌జీసీ. ఇది కాటలోనియా ప్రభుత్వ రైల్వే. మోంసెర్రాట్‌కి వెళ్లే ఆర్5 రైలు దీనిదే. సాంట్స్ నుంచి కాకుండా ప్లాసా ఎస్పాన్యా భూగర్భ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. సాంట్స్‌కి వెళ్లి మోంసెర్రాట్ రైలు ఏదని అడిగేవాళ్లు రోజూ కనిపిస్తారు. ప్లాసా ఎస్పాన్యా మెట్రోలో ఎర్ర గీత ఎల్1, ఆకుపచ్చ గీత ఎల్3 రెండూ ఆగుతాయి.

రెండో రకం రొదాలీస్ అనే లోకల్ రైళ్లు, ప్రాంతీయ రైళ్లు. సిట్జెస్, తర్రగోనా, జిరోనా, ఫిగేరెస్‌లకు వెళ్లే మామూలు రైళ్లివి. సీటు నంబరు ఉండదు, స్కానింగ్ ఉండదు. వీటికి సాంట్స్ ఒక్కటే దారి కాదు, పాసేజ్ దె గ్రాసియాలో కూడా చాలావరకు ఆగుతాయి. నగరం మధ్యలో బస చేసేవాళ్లకు అదే దగ్గర.

మూడో రకం హైస్పీడ్ రైళ్లు. సాంట్స్ నుంచే ఎక్కాలి. టికెట్ ఆ రైలుకే, ఆ సీటుకే. బయల్దేరడానికి రెండు నిమిషాల ముందు ప్రవేశం మూసేస్తారు, తర్వాత బతిమాలినా లాభం లేదు.

మెట్రోలో వాడే టీ-కాజువల్ పది ప్రయాణాల కార్డు మొదటి జోన్‌ది అయితే నగరం వరకే. మోంసెర్రాట్‌కి గానీ సిట్జెస్‌కి గానీ చెల్లదు. పర్యాటకుల ఓలా బార్సిలోనా కార్డు కూడా అంతే. ఆ కార్డుతో నగరంలో గేటు తెరుచుకుంటుంది కాబట్టి లోపలికి వెళ్లిపోతారు, అవతలి ఊళ్లో గేటు తెరుచుకోక దొరికిపోతారు, జరిమానా పడుతుంది. టీ-కాజువల్ కార్డు ఒక్క మనిషికే, ఇద్దరు పంచుకోకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. ఏ టికెట్ అయినా బయటి గేటు దాటేదాకా పారేయొద్దు.

మన కార్డు ఆన్‌లైన్‌లో పనిచేయకపోతే కంగారు పడకండి. ప్రాంతీయ రైళ్ల టికెట్లు స్టేషన్ మెషీన్లలో అప్పటికప్పుడు దొరుకుతాయి, ధర కూడా మారదు. హైస్పీడ్ రైళ్ల ధరలే రోజులు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి.

ఇంకో చిన్న మెలిక: ఆర్2, ఆర్2 నోర్డ్, ఆర్2 సూడ్ మూడూ వేర్వేరు. సిట్జెస్‌కి కావాల్సింది ఆర్2 సూడ్. ఉత్త ఆర్2 రైలు మధ్యలో కాస్తెల్దెఫెల్స్ దగ్గరే ఆగిపోతుంది. నోర్డ్ అయితే విమానాశ్రయానికి పోతుంది.

మోంసెర్రాట్: రోజును గంటల్లోకి విడగొట్టడం

మొదటిసారి వెళ్లేవాళ్లకు మేం ముందుగా చెప్పేది దీన్నే. రంపపు పళ్లలా లేచిన రాళ్ల మధ్య, సముద్రమట్టానికి సుమారు 720 మీటర్ల ఎత్తులో మఠం ఉంది. 1025లో మొదలైందని చెబుతారు. 1811లో నెపోలియన్ సైన్యం దాన్ని ధ్వంసం చేసింది, ఇప్పుడు కనిపించే భవనాల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత కట్టినవే.

టికెట్ కొనేముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: కొండ పైకి రోప్‌వేలోనా, పళ్ల పట్టాల రైలులోనా? రోప్‌వే పేరు అయెరి, 1930 నుంచి నడుస్తోంది, అయిదు నిమిషాల్లో 544 మీటర్లు పైకి లాగేస్తుంది. రైలు పేరు క్రెమాయెరా. మన ఊటీ రైలులాగే పట్టాల మధ్య పళ్ల కడ్డీని పట్టుకుని ఎక్కుతుంది, ఇరవై నిమిషాలు పడుతుంది. ప్లాసా ఎస్పాన్యాలో కొనే కలగలుపు టికెట్ ఈ రెండిట్లో ఒకదానికే చెల్లుతుంది. మెషీన్ అడిగినప్పుడు తోచింది నొక్కేస్తే తర్వాత మార్చరు.

ఎంపిక ఎలాగంటే: ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు, చక్రాల బండిలో పసిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే క్రెమాయెరా. దృశ్యం ముఖ్యమైతే అయెరి. అయితే అయెరి గదిలో 35 మందికి మించి పట్టరు, కాబట్టి రైలు దిగిన జనమంతా ఒకేసారి వరసలో నిలబడతారు. గాలి బలంగా వీస్తే ఆపేస్తారు కూడా. ఇంకోటి, తిరుగు రైలు మొదట క్రెమాయెరా స్టేషన్‌లో ఆగి, ఆ తర్వాత అయెరి స్టేషన్‌కి వస్తుంది. సాయంత్రం రద్దీలో అయెరి దగ్గర ఎక్కేవాళ్లకు సీట్లు మిగలవు. ఏ రకంగా చూసినా, కుటుంబంతో వెళ్లేవాళ్లకు క్రెమాయెరానే మేలని మా అభిప్రాయం.

దిగేటప్పుడు జాగ్రత్త. వెళ్లేదారిలో మొదట వచ్చేది అయెరి దె మోంసెర్రాట్, రోప్‌వే అక్కడ. క్రెమాయెరా ఎక్కాల్సినవాళ్లు కూర్చునే ఉండి, తర్వాతి స్టేషన్ మోనిస్త్రోల్ దె మోంసెర్రాట్‌లో దిగాలి. సగం డబ్బా ముందే దిగిపోతుంటే మనకూ లేవాలనిపిస్తుంది, లేవొద్దు. పొరపాటున దిగితే తర్వాతి రైలుకి గంటసేపు అక్కడే కూర్చోవాలి, ఆర్5 గంటకొకటే.

రోజు ఇలా నడుస్తుంది. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతపు ఆర్5 ఎక్కితే పది గంటలకల్లా కొండ మీదుంటారు. ముందు మఠం చర్చి, బాసిలికా. లోపలికి, నల్లని మేరీమాత ల మోరెనేతా దగ్గరికి, గాన బృందం పాటకి వేర్వేరు టికెట్లు, వేళ ముందే కేటాయిస్తారు. ల మోరెనేతా 12వ శతాబ్దపు చెక్క విగ్రహం. ఆమె కుడిచేతిలోని గోళం గాజు తెరలోంచి బయటికి ఉంటుంది, దాన్ని తాకి మొక్కుకోవడం ఆచారం. ఉదయం తొలి వేళ తీసుకుంటే పదకొండుకల్లా ఖాళీ అవుతారు.

పదకొండు నుంచి ఒంటిగంట వరకు సాంట్ జోవాన్ ఫునికులార్ (తాడుతో లాగే కొండ రైలు) ఎక్కి పైన తిరగవచ్చు. అక్కడి నుంచి అత్యున్నత శిఖరం సాంట్ జెరోని, 1236 మీటర్లు, ఒకవైపే గంటకు పైగా నడక. పాట కూడా వినాలి, శిఖరమూ ఎక్కాలి అంటే కుదరదు. ఒంటిగంటకు పాట వినేవాళ్లు పైన అరగంట చుట్టి దిగిపోవాలి. శిఖరం కావాలనుకునేవాళ్లు పాట వదిలేసి, మనిషికి కనీసం లీటరున్నర నీళ్లతో బయల్దేరాలి. దారిలో నీళ్లు దొరకవు, వేసవిలో నీడ తక్కువ. నగరం కంటే పైన చల్లగా ఉంటుంది కాబట్టి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఒక స్వెట్టర్ సంచీలో ఉండాలి. శీతాకాలంలో కొన్ని వారాలు ఫునికులార్‌ని మరమ్మతులకు ఆపుతుంటారు, దాన్నే నమ్ముకుని వెళ్లేవాళ్లు ముందు చూసుకోండి.

కొండ మీది క్యాంటీన్ భోజనం ఖరీదెక్కువ, రుచి అంతంతమాత్రం. దారి పక్కన రైతులు పెట్టే బల్లల మీద మాతో అనే తాజా జున్ను, తేనె, అంజీర పళ్లు దొరుకుతాయి. అపార్ట్‌మెంట్‌లో దిగినవాళ్లు పులిహోర కలుపుకెళ్లడం అన్నిటికంటే మేలు. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య దిగడం మొదలుపెడితే రద్దీకి ముందే రైల్లో కూర్చుంటారు. ఆఖరి క్రెమాయెరా, ఆఖరి అయెరి వేళలు కాలాన్ని బట్టి మారతాయి. పైకి వెళ్లగానే ఆ బోర్డును ఫోన్లో ఫొటో తీసుకోండి.

జిరోనా, ఫిగేరెస్: ఒకటా, రెండా?

జిరోనా ఒక్కటే అయితే హైస్పీడ్ తప్పనిసరి కాదు. ప్రాంతీయ రైలు గంటా పావు నుంచి గంటన్నర తీసుకుంటుంది. స్కానింగ్, ముందే చేరుకోవడం లెక్కేస్తే హైస్పీడ్‌తో మిగిలేది అరగంట లోపే, టికెట్ ధర మాత్రం దాదాపు రెట్టింపు ఉండొచ్చు. జిరోనాలో రెండు రకాల రైళ్లూ ఒకే చోట ఆగుతాయి.

స్టేషన్ నుంచి ఓన్యార్ నది వైపు నడవండి. నీళ్ల మీదికి వాలిన రంగురంగుల ఇళ్ల మధ్య ఎర్రని ఇనుప వంతెన ఉంది, 1877లో ఐఫెల్ కంపెనీ కట్టింది, అంటే పారిస్ టవర్‌కి పుష్కరం ముందు. వంతెన దాటితే యూదుల పాత పేట ఎల్ కాల్. 1492లో వాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టేదాకా ఈ సందుల్లోనే బతికారు. పైన కేథడ్రల్. ముందు నిట్టనిలువు మెట్ల వరస, లోపల సుమారు 23 మీటర్ల వెడల్పున ఒక్క స్తంభం లేని కప్పు. గోథిక్ చర్చిల్లో ఇంత వెడల్పు నడిమి సాల ప్రపంచంలో మరెక్కడా లేదు. చివరగా కోటగోడ మీద నడక, దానికి టికెట్ లేదు. ఇదంతా నాలుగు, అయిదు గంటల పని. రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు వీధులు కాబట్టి పలచటి చెప్పులు పనికిరావు.

ఫిగేరెస్ కూడా కలపాలంటే క్రమం ముఖ్యం: ముందు ఫిగేరెస్, తర్వాత జిరోనా. డాలీ మ్యూజియం ఉదయం వేళ టికెట్ ముందే కొనుక్కుని, రెండు గంటలు చూసి, మధ్యాహ్నానికి జిరోనా చేరాలి. సాయంత్రం ఆలస్యమైనా జిరోనా నుంచి నగరానికి రైళ్లు ఎక్కువ. తిరగేసి వెళితే చివరి ప్రవేశం వేళకీ రైలు వేళకీ మధ్య పరిగెత్తాల్సి వస్తుంది.

ఫిగేరెస్‌లో స్టేషన్లు రెండు. హైస్పీడ్ ఆగేది ఫిగేరెస్-విలఫాంట్, ఊరి పడమటి అంచున. ప్రాంతీయ రైళ్లవి ఊళ్లోని ఫిగేరెస్ స్టేషన్‌లో. మ్యూజియానికి మొదటిదాన్నుంచి ఇరవై నిమిషాలకు పైగా, రెండోదాన్నుంచి పది పదిహేను నిమిషాలు నడక. వెళ్లేటప్పుడు ఒకటీ వచ్చేటప్పుడు ఇంకొకటీ వాడితే ఎక్కడ ఏది ఎక్కాలో కాగితం మీద రాసుకోండి. పాత నాటకశాలను డాలీయే మ్యూజియంగా మార్చుకున్నాడు, 1974లో తెరిచారు. ఆయన సమాధి కూడా అందులోనే.

తర్రగోనా, సిట్జెస్

తర్రగోనాకి హైస్పీడ్ టికెట్ కొనకండి. ఆ రైలు ఆగే కాంప్ దె తర్రగోనా స్టేషన్ ఊరికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో పొలాల మధ్య ఉంది. దిగాక బస్సో ట్యాక్సీయో పట్టాలి, మిగిలిన సమయమంతా అక్కడే హరించుకుపోతుంది. ప్రాంతీయ రైలు గంటా, గంటంబావులో సముద్రం ఒడ్డునున్న ఊరి స్టేషన్‌లోనే దింపుతుంది. వెళ్లేటప్పుడు ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే గర్రాఫ్ కొండల కింద సముద్రం పక్కనే వస్తుంది.

ఊళ్లో సముద్రానికి ఎదురుగా రోమన్ యాంఫీథియేటర్, పైన రథాల పందెపు మైదానం అవశేషాలు, కోటగోడలు. వీటన్నిటికీ 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఊరికి నాలుగు కిలోమీటర్ల ఉత్తరాన 27 మీటర్ల ఎత్తున్న రోమన్ నీటి వంతెన ఉంది. సిటీ బస్సులో వెళ్లిరావచ్చు, గంటన్నర పక్కన పెట్టుకోండి.

సిట్జెస్ సగం రోజు ఊరు, నలభై నిమిషాల లోపు ప్రయాణం. వేసవి ఆదివారం సాయంత్రం తిరుగు రైళ్లు కిటకిటలాడతాయి. ఆరుకి ముందైనా రావాలి, ఎనిమిదిన్నర దాటాకైనా రావాలి. తీరంలో ఈతకు దిగేటప్పుడు ఫోన్, పాస్‌పోర్టు ఇసుక మీద వదిలేసి వెళితే తిరిగొచ్చేసరికి ఉండవు.

భోజనం వేళ

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా వంటగది, మళ్లీ రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే. మధ్యలో కాఫీ, బ్రెడ్డు తప్ప వేడిగా ఏమీ దొరకదు. పనిరోజుల్లో మెనూ దెల్ దియా అడిగితే మొదటి వంటకం, రెండో వంటకం, తీపి, పానీయం కలిపి ఒకే ధరకు పెడతారు, చవక.

శాకాహారులు ‘వెజిటేరియన్’ అని చెప్పి ఊరుకోకూడదు. పంది మాంసపు పలచటి ముక్కలు, అంటే హామోన్, చాలామంది లెక్కలో మాంసంలోకి రాదు. ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హామోన్’ అని మూడూ చెప్పండి: మాంసం, చేప, హామోన్ వద్దని. టమాటా రుద్దిన రొట్టె పా అంబ్ తొమాకెట్ నిశ్చింతగా తినవచ్చు. ఎస్కలివాదా అంటే కాల్చిన వంకాయ, క్యాప్సికం, నూనె. మన కాల్చిన వంకాయ పచ్చడికి దూరపు చుట్టం, కారమే లేదు. దాని మీద చిన్న చేపలు పెట్టకుండా చూడండి. కూరగాయల పాయెల్లా అనే అన్నం వంటకంలో కంటికి ఏమీ కనిపించకపోయినా ఎసరు చేపలు ఉడికించిన నీళ్లది కావచ్చు, అడగాలి. క్రోకెట్లు అనే వేయించిన ఉండలను లోపల ఏముందో తెలియకుండా ముట్టుకోవద్దు. జనవరి నుంచి మార్చి వరకు తర్రగోనా వైపు వెళితే నిప్పుల మీద కాల్చిన కల్సోత్ ఉల్లికాడలు, బాదం వేసి రుబ్బిన రొమెస్కో పచ్చడి తప్పక తినండి.

వీసా ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక

పాస్‌పోర్టు అసలు ప్రతి మీ దగ్గరుంటే ఫ్రాన్స్ సరిహద్దు దాటి పెర్పిన్యాన్ వెళ్లిరావచ్చు, అదీ షెంగెన్ ప్రాంతమే (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి), రైల్లో పోలీసు తనిఖీలు మామూలే. పక్కనున్న చిన్న దేశం అండోర్రా అలా కాదు. బార్సిలోనాలో ఏజెన్సీలు అండోర్రాకి ఒక్కరోజు బస్సు టూర్లు జోరుగా అమ్ముతాయి, కానీ అండోర్రా షెంగెన్‌లో లేదు. భారతీయ పాస్‌పోర్టు మీద ఒకేసారి ప్రవేశం ఉన్న షెంగెన్ వీసాతో అక్కడికి వెళితే, సాంకేతికంగా మీరు బయటికి వెళ్లిపోయినట్టే, తిరిగి స్పెయిన్‌లోకి రానివ్వకపోవచ్చు. వీసా స్టిక్కర్ మీద ప్రవేశాల సంఖ్య దగ్గర 2 అని గానీ, అనేకం అని సూచించే ‘మల్ట్’ అని గానీ ఉంటేనే ఆ టికెట్ కొనండి. 01 అని ఉంటే ఆ రోజును జిరోనాకి ఇచ్చేయండి.